జనవరి గడి

మాచర్ల నుంచి వస్తున్న బస్సు రైలు గేటు దగ్గర ఆగిపోయింది. కిటికీ పక్కన నేను, నా పక్కన ఒక తెలుగు టీచరమ్మ, కాళ్ల దగ్గర మూటలు. లేద్దామన్నా దారి లేదు. ఆమె ఒళ్లో ఏడో తరగతి పాఠాల పట్టిక ఉంది. ఏడాది మొత్తంలో ఏ నెల ఏ పాఠమో గడుల్లో నింపుతోంది.

"పెన్నుతో ఎందుకమ్మాయ్? తప్పు పోతే కాయితం దండగ. జనవరిలో ఏంది?" అన్నాను.

"సంధులు, మామ్మా."

"ఎవరికి చెబుతావు, బెంచీలకా? మా ఊళ్లో సగం మంది పిల్లలు అప్పుడు మిరపకాయల కోతలో ఉంటారు."

"తెలుసు మామ్మా. ఏ నెలకేదో పైనుంచే వచ్చింది, మార్చనియ్యరు. రేపే ఇయ్యాలి," అని తల పట్టుకుంది.

నేను మూడో తరగతిలో బడి మానింది ఆ కోతలకే. అప్పుడే ఒత్తులు మొదలుపెట్టారు. మళ్ళీ బడికి పోలేదు. ఎవరికీ చెప్పని ఆ సంగతి ఆమెకు చెప్పాను.

ఆమె పెన్సిలు తీసి, జనవరి గడి పక్కన ఏదో రాసి నాకు చూపించింది. కూడబలుక్కుని చదివాను.

"మళీ చెపాలి."

టీచరమ్మ నవ్వలేదు. అక్షరం కింద వేలు పెట్టి, "ఇక్కడ ఒత్తుంది మామ్మా," అంది. గేటు లేచేదాకా నాతో పలికించింది.

ఆ పట్టిక ఏమైందో తెలియదు. ఒత్తుల దగ్గర ఇప్పటికీ మనవరాలిని అడుగుతాను. ఆ రెండు మాటలు మాత్రం ఎవరినీ అడక్కుండా రాస్తాను: మళ్ళీ చెప్పాలి.