సర్వపిండి పేజీలో రాజమ్మ పేరు

సూరత్‌లోని బమ్రోలి తెలుగువాళ్లలో ఏ మంచి పనికి ఎవరు ముందు నిలబడ్డారని అడిగినా లక్ష్మీపతి పేరే చెప్పాలి. ఎవరూ చెప్పకపోతే ఆయనే చెబుతాడు. జగిత్యాల పక్క పల్లెలో ఏడో తరగతి దాకా చదివి, మీసాలు రాకముందే సూరత్ బండెక్కి, సాంచాల ఖాతాలో, అంటే మరమగ్గాల షెడ్డులో, కండెలు చుట్టే పనితో మొదలై, సేఠ్ సైతం ‘మాస్టర్’ అని పిలిచే దాకా ఎదిగిన మనిషి. గల్లీకి నీళ్ల పైపు తెచ్చింది ఆయన. మార్కండేయ గుడికి మైకు ఇప్పించింది ఆయన. ఎవరైనా కాలం చేస్తే ఊరికి చేర్చే బండిని మాట్లాడిపెట్టేదీ ఆయనే. వీటన్నిటినీ మించి, ఇంటర్నెట్టులో సొంత వెబ్‌సైటు పెట్టి, దాని మీద ప్రకటనల డబ్బు సంపాదించిన మొదటి సాంచాల మనిషి ఆయన.

ఆ సైటు కరోనా నాడు మొదలైంది. సాంచాలు ఆగిపోయాయి, చేతులు ఊరుకోలేదు. కోడలు సుమన రింగ్ రోడ్‌లో ఒక చీరల కొట్టు సరుకును నెట్‌లో పెట్టే పని చేస్తుంది. ఆ అమ్మాయి మామకు ఫోన్‌లోనే సైటు కట్టిచ్చింది. పైన తెల్లచొక్కా ఫొటో, కింద ‘లక్ష్మీపతి మాటలు’ అన్న పేరు. మొదట ఆయన తన జీవిత విశేషాలు రాశాడు. పైపు సంగతి రాశాడు, మైకు సంగతి రాశాడు. చదివినవాడు లేడు.

రాయడానికి ఏమీ మిగలని ఒక పొద్దున, పొయ్యి దగ్గర భార్య రాజమ్మ సర్వపిండి వత్తుతుంటే, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టాడు. ఇక్కడి చక్కీలో పట్టించిన పొడి పిండి పగలకుండా ఉండాలంటే నానిన పప్పు ఎంత వేయాలి, రెండో వాయికి గిన్నెను ఎట్లా చల్లార్చాలి, ఇవే. ఆ పేజీ పాకింది. భివండీలో, షోలాపూర్‌లో, దుబాయిలో కాపురాలు పెట్టిన ఆడపిల్లలు పొయ్యి మీద గిన్నె పెట్టి ఫోన్‌లో వెతికితే ముందుగా అదే వచ్చేది. తరవాత అంబలి, గట్క, పచ్చిపులుసు. వరసల మధ్య నూనె ప్రకటనలు, మిక్సీల ప్రకటనలు వచ్చి కూర్చున్నాయి. నెలనెలా లక్ష్మీపతి బ్యాంకులో ఎంతో కొంత పడసాగింది.

“సాంచా నడిస్తేనే కూలి. ఇది నేను పండుకున్నా నడుస్తది” అనేవాడు, మిర్చి బజ్జీల బండి దగ్గర నిలబడి.

బండి యజమాని నరేశ్‌కు నోరు ఊరుకోదు. “వండేది అత్తమ్మ, పైసలు నీకా మామా?”

“రాసేదెవడ్రా? వండుడు అందరికొస్తది.”

సంఘం వాళ్లు శాలువా కప్పిన రోజున కూడా ఆయన అదే మాట ఇంకాస్త పెద్దగా, మైకులో చెప్పాడు. రాజమ్మ ఆడవాళ్ల వరసలో కూర్చుని వింది. చప్పట్లు కొట్టింది కూడా.

ఈ ఎండాకాలంలో ఆమె కడుపులో గడ్డ బయటపడింది. పెద్దాసుపత్రిలో కోసి చూసి, మళ్లీ కుట్టేసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. లక్ష్మీపతి అక్కడా వాదించాడు. తానెవరో, ఎంతమందికి ఈ ఆసుపత్రిలో మంచం ఇప్పించాడో చెప్పాడు. డాక్టరు ఓపికగా విన్నాడు. విని, అదే మాట మళ్లీ చెప్పాడు.

ఇంటికి వచ్చాక ఒక మధ్యాహ్నం, మంచం పక్కన ఆయన ఫోన్ చూసుకుంటుంటే రాజమ్మ అడిగింది.

“ఏమయ్యా, అండ్ల ఎవలి పేరు కొడితే వాళ్లొస్తరంట గద. నా పేరు కొట్టు, నేనొస్తనా?”

కొట్టాడు. ఎవరో సర్పంచు రాజమ్మ, పెన్షన్ రాని రాజమ్మ, ఎక్కడో నూరేళ్లు నిండిన రాజమ్మ వచ్చారు. ఆయన నవ్వాడు. “లోకంల గిన్నిమంది రాజమ్మలుంటే నువ్వేడ దొర్కుతవే?”

“మన సైటుల సూడు. సర్వపిండి కాడ ఉంటగద.”

చూశాడు. ‘మా ఇంట్లో ఇట్లా చేస్తాము’ అని ఉంది. ‘నా అనుభవంలో’ అని ఉంది. పేజీ తరవాత పేజీ తిరగేశాడు. రాజమ్మ అన్న మాట ఎక్కడా లేదు. 

“లేనా?” అంది ఆమె. కోపంగా కాదు, బియ్యం అయిపోయాయా అని అడిగినట్టు అడిగింది.

“వస్తవు. నేను తెప్పిస్త” అన్నాడు లక్ష్మీపతి. పైపు తెచ్చినవాడు, మైకు తెచ్చినవాడు.

ఆ సాయంత్రమే సుమనను అడిగాడు. “అత్తమ్మ పేరు మీద ఒక మంచి పేజీ రాయి మామా. ఊరు, ఫొటో, ఆమె వంటలు. ఒక్కో వంట కాడ పేరు ఒక్కసారి పెట్టు. వెతికే యంత్రం వచ్చి చూస్కోని పోవాలె, దినాలు పడ్తది. జర ఓపిక పట్టు” అంది ఆ అమ్మాయి.

దినాలు ఆయన దగ్గర లేవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అప్పుడు ఆయనకు రామకోటి గుర్తొచ్చింది. గుడిలో రామకోటి రాయించిందీ ఆయనే కదా. ఒకసారి పిలిస్తే పలకని దేవుడు కోటిసార్లు రాస్తే పలుకుతాడని ఊళ్లో అమ్మ చెప్పేది. ఈ వెతికే యంత్రం మాత్రం దేవుడికంటే మొండిదా? ఎవరికీ చెప్పకుండా మొదలుపెట్టాడు. సర్వపిండి పేజీ పైన రాజమ్మ, కింద రాజమ్మ, ఉప్పుకు కారానికి మధ్య రాజమ్మ. ఒక వరస రాసి, దాన్నే మళ్లీ మళ్లీ అతికించాడు. అంబలిలో, గట్కలో, పచ్చిపులుసులో, ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ. పెళ్లయినప్పటి నుంచి ఆమెను ‘ఏమే’ అనే పిలిచిన మనిషి, ఆ కొద్దిరోజుల్లో ఆ పేరును నిండుగా రాసుకున్నాడు.

యంత్రం వచ్చింది, చూసుకుని పోయింది. ఆ తరవాత సర్వపిండి అని కొడితే సైటు మొదటి పేజీలో లేదు, రెండో పేజీలో లేదు, ఎక్కడా లేదు. వచ్చేవాళ్లు లేక ప్రకటనల డబ్బు ఎండిపోయింది. సుమన ఫోన్ తీసి చూసి నోరు తెరిచింది.

“ఏంది మామా ఇది! ఒక్కటే మాట గిన్నిసార్లుంటే ఎవడో మోసం చేస్తున్నడనుకుంటది అది. మొత్తం సైటునే కిందికి నూకేసింది.”

“దేవునికి రాస్తే పుణ్యం, పెండ్లానికి రాస్తే మోసమా?” అన్నాడు. 

సుమన ఆ పేజీని ఇంకోసారి పైనుంచి కిందికి జరిపి చూసింది. “తీసేద్దాం. మళ్ల చూడమని యంత్రానికి అర్జీ పెడ్త. కానీ ఎన్నాళ్లు పడ్తదో నాకు తెల్వది” అంది.

ఆయన తియ్యనివ్వలేదు. లోపలి నుంచి రాజమ్మ పిలుపు వినిపించింది. మాటలు విన్నదేమో. “ఏమయ్యా, నేనొచ్చిన్నా?”

వెతికితే రాదు. సైటు చిరునామా కొట్టి పేజీని నేరుగా తెరిచి చూపించవచ్చు, వచ్చావని చెప్పవచ్చు. అట్లాగే చేశాడు. తల కింద చెయ్యి పెట్టి లేపి, ఫోన్ ఆమె ముఖం ముందు పట్టాడు.

రాజమ్మకు చదువు రాదు. పొదుపు సంఘంలో సంతకం కోసం నేర్చుకున్న మూడక్షరాలు తప్ప. ఆ పేజీ నిండా ఆ మూడక్షరాలే ఉన్నాయి. ఆమె వేలితో పైనుంచి కిందికి జరుపుకుంటూ పోయింది. ఒక తెలుగు పేజీని మొదటి నుంచి చివర దాకా చదవడం ఆమెకు అదే మొదటిసారి.

“గిదంత నేనేనా?”

“నువ్వే.”

“పిచ్చోడా. ఉప్పెంతో ఏడ రాసినవ్?” నవ్వబోయి, నొప్పికి కళ్లు మూసుకుంది. ఊపిరి తీసుకుని అంది. “గిన్నె పొయ్యి మీద పెట్టి సూస్తరు పోరగాళ్లు. నేనే అడ్డం నిలవడితె వాళ్లకెట్ల కనవడ్తది? తీసెయ్.”

“తీసేస్తె నువ్వుండవ్.”

“కోడలు అన్న మాట ఇన్న. ఒక్కసారుంటె సాలంట గద. ఒక్కటుంచు.”

ఆమె మంచం పక్కనే కూర్చుని తీశాడు. అతికించడం క్షణాల పని, తీయడం అట్లా కాలేదు. ఒక్కో రాజమ్మను చెరిపేటప్పుడు పక్కన శ్వాస వినిపిస్తోందా అని చూసుకునేవాడు. అంబలి అయింది, గట్క అయింది. సర్వపిండిని చివరికి ఉంచుకున్నాడు. దాని దాకా రాకముందే ఆమె వెళ్లిపోయింది. అందరికీ బండి మాట్లాడిన మనిషి, తన ఇంటికి వచ్చేసరికి నంబరు మరిచిపోయి కూర్చుంటే, నరేశే మాట్లాడాడు.

ఊళ్లో కర్మలు ముగించి తిరిగి వచ్చాక ఆ ఒక్క పేజీని పూర్తిచేశాడు. ‘ఇది రాజమ్మ చేసే పద్ధతి’ అని మొదటి వరస పెట్టి, మిగతా చోట్ల ‘నా’ అన్నవి కొట్టేశాడు. సుమన అర్జీ పెట్టింది. వానలు వచ్చి వెళ్లాయి.

దసరాకు ముందు సుమన పరుగున వచ్చింది. “మామా! రాజమ్మ సర్వపిండి అని కొట్టు. పైనే వస్తున్నది!”

కొట్టాడు. వచ్చింది. అందరికంటే పైన ఆమె. చాలాసేపు చూశాడు. ఆ సంగతి గల్లీలో ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్లకు బండి దగ్గర నరేశ్ అడిగాడు. “మామా, సైటు మళ్ల లేసిందంట గద. పైసలు పడ్తున్నయా?”

“పడ్తున్నయి” అన్నాడు లక్ష్మీపతి. “ఆమెయి.”