ఒక్కో బొమ్మను ఊరికి తీసుకుపోయిన సుగుణక్క

నిన్న పొద్దున వ్యాన్ తుడుస్తుంటే ఫోన్ వచ్చింది. కోరుట్లలో సుగుణక్క ఉండే ఇంటి ఓనర్.

"మీ మేడం పోయింది తమ్మీ" అన్నాడు.

"ఏడికి?" అని అడిగాను.

"ఇగ మనకు లేదు" అన్నాడు. అప్పుడు అర్థమైంది.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట. పాలు పోసే ఆమె ఎంత పిలిచినా తలుపు తీయలేదట.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

అక్క గురించి తెలియని ఫ్రెండ్స్ కోసం రాస్తున్నాను. జగిత్యాలలోని మా చిన్న ఆర్ట్ మ్యూజియంలో ఆమె గైడ్. నేను డ్రైవర్‌ని. అక్కది సిరిసిల్ల, బట్టలు నేసే సాంచాల మీద బతికిన కుటుంబం. పెళ్ళి చేసుకోలేదు. అమ్మానాన్న పోయాక ఒక్కతే.

రెనోవేషన్ కోసం మ్యూజియం మూసేశారు. పాత గదులు బాగుచేసి, పక్కన పెద్ద హాల్ కడుతున్నారు. బొమ్మలన్నీ, అంటే పెయింటింగ్‌లన్నీ, కోరుట్లలో అద్దెకు తీసుకున్న హాల్‌కి మార్చాం. అక్క కూడా బొమ్మల వెంటే వచ్చి, దగ్గర్లోనే ఒక గది తీసుకుంది.

మ్యూజియం నడిచినన్ని రోజులు ఆమె పొద్దంతా మాట్లాడుతూనే ఉండేది. స్కూల్ పిల్లలు, టీచర్లు, ఊరికే ఎండకు లోపలికొచ్చినవాళ్ళు, అందరితో. మూశాక మాట్లాడడానికి ఎవరూ లేరు.

ఒకరోజు మధ్యాహ్నం హాల్‌కి వెళ్తే, ఒక బొమ్మకు చుట్టిన గుడ్డ విప్పి, దాని ముందు కూర్చుని టిఫిన్ బాక్స్‌లోని అన్నం తింటోంది. మిగతావన్నీ గోడవైపు తిప్పి ఉన్నాయి.

"ఎవరి మొఖం చూడకుండ ఎట్ల తింటం తమ్మీ" అంది. నవ్వుతూనే అంది.

నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఊళ్ళు తిరిగే ప్రోగ్రాం పెట్టించింది. జనం మ్యూజియంకి రాలేనప్పుడు మనమే పోదాం అని మ్యూజియం కమిటీని ఒప్పించింది. ఒక ఊరికి ఒక్క బొమ్మ. పొద్దున తీసుకుపోయి బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో పెట్టడం, సాయంత్రం తీసుకురావడం. వ్యాన్‌లో నేను, అక్క, వెనక బొమ్మ. అంతే మా టీం.

వీర్నపల్లి పోయిన రోజు మర్చిపోలేను.

పత్తి ఏరే సీజన్. ఊరంతా చేన్లల్లోనే ఉంది. గడప మీద కూర్చుని ఒక తల్లి బిడ్డకు తల దువ్వుతున్న బొమ్మ తీసుకుపోయాం. మధ్యాహ్నం దాకా ఒక్కరూ రాలేదు. అక్క మాత్రం మంచి చీర కట్టుకుని, ఎవరో వస్తున్నట్టే బొమ్మ పక్కన నిలబడి ఉంది. వెళ్ళిపోదామా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

అప్పుడు ఆధార్ పని మీద ఒక ముసలామె పంచాయతీ ఆఫీసుకొచ్చింది. పేరు లచ్చవ్వ. బొమ్మను చూసి ఆగింది. మెల్లగా కింద కూర్చుంది.

"గీ పిల్ల పేరేంది?" అని అడిగింది.

బొమ్మ వేసినాయన పేరు రాయలేదని అక్క చెప్పింది.

"గట్లయితే రాజవ్వ అనుకుంట" అంది లచ్చవ్వ.

రాజవ్వ ఆమె బిడ్డ. చిన్నప్పుడే జ్వరమొచ్చి పోయిందట. అక్క ఇంక బొమ్మ గురించి ఏమీ చెప్పలేదు. చీర మాసిపోతుందని కూడా చూసుకోకుండా ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. పొద్దు వాలేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. ఎప్పుడన్నా ఒక మాట.

తిరిగి వస్తుంటే వ్యాన్‌లో అక్క అంది. "ఆమె కాడ బిడ్డ ఫోటో లేదట తమ్మీ. ఒక్కటి గూడ లేదట."

తర్వాత అదే బొమ్మను మళ్ళీ వీర్నపల్లికి తీసుకుపోయింది. కమిటీలో ఎందుకని అడిగితే, అడిగినోళ్ళున్నారని చెప్పింది.

పోయిన వారం మీటింగ్ జరిగింది. కొత్త హాల్ పని అయిపోవచ్చింది. ఓపెన్ అయ్యాక జనం ఇక్కడికే వస్తారు, ఇక ఊళ్ళు తిరగడం ఆపేద్దామన్నారు. మీటింగుల్లో ఎప్పుడూ వెనక కూర్చునే అక్క లేచి నిలబడింది.

"బిల్డింగ్ పెద్దగైతున్నది సార్, సంతోషమే. లచ్చవ్వ అసొంటోళ్ళు గీడిదాక ఎట్లొస్తరు? బొమ్మనే పోవాలె."

కాసేపు చర్చ జరిగింది. చివరికి ఒప్పుకున్నారు. ఓపెనింగ్ తర్వాత కూడా వ్యాన్ తిరుగుతుంది.

సంబరపడుతుందనుకున్నాను. వ్యాన్‌లో కోరుట్ల దాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. దిగేటప్పుడు మాత్రం, "ఇగ నాకు పనుంటది. ఇంటికాడ ఉండబుద్ధి కాదు తమ్మీ" అంది.

ఆమె నాతో అన్న చివరి మాట అదే.

నిన్న సాయంత్రం సిరిసిల్లలో అంత్యక్రియలు. వరసకు అన్న కొడుకయ్యే అబ్బాయి నిప్పు పెట్టాడు. ఎక్కువ మంది లేరు. మా ఆఫీసువాళ్ళం, వాడకట్టువాళ్ళు కొందరు.

ఈరోజు కమిటీ నుంచి ఫోన్. అక్క ముందే ఒప్పుకున్న ముస్తాబాద్ ప్రోగ్రాం ఆపొద్దు, నువ్వే వెళ్ళి బొమ్మ గురించి చెప్పగలవా అని అడిగారు. సరే అన్నాను.

ఇన్నాళ్ళూ బయట వ్యాన్‌లో కూర్చుని ఆమె గొంతు విన్నవాడిని. పదిమంది ముందు నిలబడి ఏం మాట్లాడాలో నాకు తెలియదు. అడుగుదామంటే ఆమె లేదు.

అక్కా, ఎవరికీ చెప్పకుండ ఒక్కదానివే పోయినవు.

గాడ నీకు ముచ్చట పెట్టెటోళ్ళు దొరకాలె. నిమ్మళంగ ఉండు.