మా మేనత్త వేయించిన శుభలేఖ

మొన్న మంగళవారం పొద్దున సూరారంలో మా మేనత్త పోయింది. ఆమె కోడలు ఫోన్ చేసినప్పుడు పొయ్యి మీద పాలున్నాయి. అవి పొంగిపోతున్నా కదల్లేకపోయాను. నా పెళ్లి ఆగిపోబోయింది ఆమె వల్లే, తలెత్తుకునేలా జరిగిందీ ఆమె వల్లే. ఆ మాట ఆమె ఎదుట ఒక్కసారీ అనలేదు. ఇప్పుడు మీతో చెప్పుకుంటున్నాను.

అత్తమ్మకు చదువు రాదు. అయినా కాగితం చేతికొస్తే ఎవరో ఒకరిని పట్టుకుని చదివించుకునేది, అర్థమయ్యేదాకా వదిలేది కాదు. కరెంటు బిల్లే కాదు, మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన పేపరు కూడా. నోరు పెద్దది. "కోపమొస్తే ముందుగాల కడుపు నిండ తినుర్రి, ఎనక కొట్లాడుకుందాం" అనేది. నిజంగానే వడ్డించి మరీ కొట్లాడేది.

మా నాయిన ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు. లారీ నడిపేవాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా లోడు తీసుకుని నాగ్‌పూర్ వెళ్లాడు. అక్కడ లారీ దిగి, ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. ఏడేళ్లు చూశాం. అమ్మ రోజూ పొద్దున్నే బొట్టు పెట్టుకునేది. నాకు ఆ బొట్టును చూసినా ఒళ్లు మండేది.

తొంభైల చివర్లో శామీర్‌పేట సంబంధం కుదిరింది. నాయిన సంగతి దాచకుండా చెప్పాం, అబ్బాయి తండ్రి సరేనన్నాడు. ముహూర్తం ఇరవై రోజులుందనగా, రెండు ఇళ్లకూ ఒకే శుభలేఖ వేయిద్దామని మేమూ అబ్బాయి తండ్రీ కలిసి మేడ్చల్‌లో ప్రెస్సుకు వెళ్లాం. అత్తమ్మ ఆల్బమ్ ముందేసుకుని ఒక్కో కార్డునూ వాసన చూసింది, అంచు వేళ్ల మధ్య నలిపింది. పసుపు పెడితే కనపడాలని పసుపుపచ్చ రంగువన్నీ పక్కకు నెట్టేసింది. చివరికి వినాయకుడున్న తెల్ల కార్డు ఒప్పుకుంది.

ప్రెస్సాయన పేర్లు రాసుకుంటూ పిల్ల తండ్రి దగ్గర ఆగాడు. పేరు ముందు ఏం వేయాలని అడిగాడు. కీర్తిశేషులు అని వేయండని అబ్బాయి తండ్రి మెల్లగా అన్నాడు. శ్రీ అని వేస్తే పందిట్లో ప్రతివాడూ ఆ మనిషేడని అడుగుతాడు, తన అన్నదమ్ములకు ఏం చెప్పుకోవాలన్నాడు. వాళ్లు ఈ ఒక్క మాట దగ్గర పట్టుబట్టారట. కాదంటే ముహూర్తం సంగతి మళ్లీ ఆలోచించుకోవాల్సి వస్తుందని కూడా అన్నాడు.

ప్రెస్సాయన పెన్ను పట్టుకుని మా వంకే చూస్తున్నాడు. అమ్మ తల వంచుకుంది. నన్నెవరూ అడగలేదు. నేనే అన్నాను, "నాకైతే ఎప్పుడో సచ్చిపోయిండు. రాయుండ్రి."

అత్తమ్మ నా వైపు చూడలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని లేపి, తీసుకొచ్చి అబ్బాయి తండ్రి ముందు నిలబెట్టింది. "రాయిద్దాం అన్నా. కాకపోతే ముందుగాల మా మరదలి బొట్టు మీ చేతులతోని తుడువుండ్రి. గప్పుడు రాయిస్త."

నా పెళ్లి ఆగిపోయిందనే అనుకున్నాను. ఆ నిమిషంలో అత్తమ్మను చూసినంత కోపంగా ఎవరినీ చూడలేదు. అబ్బాయి తండ్రి అమ్మ నుదుటి వైపు చూడలేక నేల చూశాడు. ప్రెస్సాయన వైపు తిరిగి, "శ్రీ అనే ఎయ్యి. మావోళ్లకు నేను జెప్పుకుంట" అన్నాడు. అత్తమ్మ కాగితమంతా మూడుసార్లు చదివించుకుంది. మా వంతుకు యాభై కార్డులు ఎక్కువ చెప్పింది. అంతమంది చుట్టాలు మనకెక్కడున్నారని విసుక్కున్నాను.

కార్డులు వచ్చాక ఆ యాభైకీ తనే పసుపు పెట్టింది. నన్ను ఆటో ఎక్కించి, నాగ్‌పూర్ రోడ్డు మీద లారీలు టీ కోసం ఆగే అత్వెల్లి దాకా తీసుకెళ్లింది. సిగ్గుతో నేను దిగలేదు. ఒక్కతే వెళ్లి, అటు పోయే ప్రతి డ్రైవర్ చేతిలో కార్డు పెట్టింది. "గీ పేరు మనిషి యాడన్న కనపడితే బిడ్డ పెండ్లని చెప్పుర్రి. ఎవ్వరేమనరు, రమ్మనుర్రి." కీర్తిశేషులని వేయించిన కార్డుతో ఆ మాట ఎవరికి చెప్పగలిగేది? అప్పుడు తెలిసింది నాకు, నేను ప్రెస్సులో ఏం అన్నానో.

నాయిన రాలేదు. పందిట్లో అడిగిన వాళ్లకు అత్తమ్మే గుమ్మంలో నిలబడి జవాబు చెప్పింది. ఇప్పటికీ రాలేదు. అమ్మకు బొట్టుంది.

అత్వెల్లిలో ఆ రోజు ఆఖరి లారీ అప్పటికే స్టార్టయి ఉంది. అత్తమ్మ పొట్టి మనిషి, మడమలెత్తి రెండు చేతులతో కార్డును పైకి చాపింది. డ్రైవర్ ఇంజన్ ఆపకుండానే కిందికి వంగి అందుకున్నాడు. కళ్లకద్దుకుని, అద్దం ముందున్న దేవుడి పటం పక్కన నిలబెట్టాడు. లారీ కదిలింది. అత్తమ్మ ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, అది మలుపు తిరిగేదాకా రోడ్డు పక్కన అలాగే నిలబడింది.