కిటికీలోంచి కండువా

పెనుమూడి ఇసుక క్వారీ లీజులో మా బావా నేనూ సగం సగం. కాగితం మాత్రం ఆయన పేరున ఉంది; నాకప్పుడు చదువు రాదు. నా వాటా కోసం ఆయన మీద కేసు వేశాను. అయినా తెనాలి కోర్టు వాయిదాకి వెళ్లే ప్రతిసారీ రేపల్లెలో ఆయనే ముందు వచ్చి, బస్సు కిటికీలోంచి కండువా వేసి నాకూ సీటు పట్టేవాడు. "కూర్చో బావా, అక్కడ ఎలాగూ నిలబడాలిగా" అనేవాడు.

లీజు గడువు ముగిసింది గానీ కేసు తెమల్లేదు. ఒకరోజు ఆయన బోనెక్కి, "ఈయనకి లీజులో భాగం లేదండి" అన్నాడు. సాయంత్రం తిరుగు బస్సులో కండువా మామూలుగానే ఉంది. నేను కూర్చోలేదు. ఆయనా లేచి నిలబడ్డాడు.

"ఏంటి బాబాయ్, కండువాని కూర్చోబెట్టి మీరిద్దరూ నిలబడ్డారు?" అన్నాడు కండక్టరు.

తర్వాతి వాయిదాకీ కండువా వేశాడు. కాళ్లు లాగుతుంటే కూర్చున్నాను.