ఎంగిలి తూటాలు

మొన్న పక్కింటాయన పొరపాటున వాళ్లింటికి వెళ్లిన నా పార్సిల్ ఇవ్వడానికి వస్తే, అతని కోటు నుంచి మాడిన తుపాకి మందు వాసన గుప్పుమంది. "షూటింగ్ రేంజ్‌కి వెళ్లొచ్చాం ఆంటీ, ఫుల్ ఫన్!" అన్నాడు పళ్లికిలిస్తూ. ఫన్నట! డెబ్బైల చివర, ఇదే మిషిగన్‌లో, మా గరాజ్ నిండా ఆ కంపే.

మా నాన్న కార్ల ఫ్యాక్టరీలో ఇంజినీరు. కోడిగుడ్డు కూడా ముట్టని మనిషి. అలాంటివాడు ఆదివారం వచ్చేసరికి ఫోర్‌మన్ డేల్ వెంట, అతని జట్టు వెంట రేంజ్‌కి తయారు. కాల్చడానికనుకునేరు! వాళ్లు కాల్చి పారేసిన ఇత్తడి తూటా గొట్టాలను ఎండాకాలం గడ్డిలో, వానలకు బురదలో, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే మంచులో వంగి వంగి ఏరడానికి. వాటిని శుభ్రం చేసి మళ్లీ మందు కూరితే మళ్లీ పేలతాయి. ఆ చాకిరీ అంతా మా ఇంట్లోనే. ఊరి నుంచి పెట్టెలో మోసుకొచ్చిన చింతపండు, చారుకి లేకపోయినా సరే, ఉప్పేసి బకెట్లో పిసికి గొట్టాలు నానబెట్టేవాడు; కడిగి, పాత తువ్వాలు మీద ఆరబోసి, మొక్కజొన్న బెండు పొడి నింపిన యంత్రంలో పడేస్తే అది పిండిమరలా గురగురలాడుతూ వాటికి మెరుగు పెట్టేది; అమ్మ తిరగమోత ఘుమఘుమ గరాజ్ దాకా వచ్చి ఆ దుమ్ములో చచ్చేది. ఆ తర్వాత నా వంతు. మూతి చిట్లినవి ఏరేసి, మిగతావాటిని అడుగున అచ్చుకొట్టిన సైజు అంకెను బట్టి డబ్బాల్లో వెయ్యాలి. చదువబ్బని దాన్ని, నాకు అంకెలు వచ్చింది అక్కడే.

"పెళ్లిలో ఎంగిలి విస్తళ్లెత్తినట్టు, ఆళ్లు కాల్చి పారేసినియ్యి మీరేరుకు రావడమేంటండీ?" అనేది అమ్మ.

"నీకేం తెలుసే! ఆళ్లు నా ఫ్రెండ్స్. ఈసారి డీర్ సీజన్‌లో జింకల వేటకి నన్నూ తీసుకెళ్తామన్నారు."

"తీసుకెళ్లి? జింకకి పప్పన్నం పెడతారా?"

ఆ ఒక్క పిలుపు కోసమే ఏళ్ల తరబడి ఈ చాకిరీ. ఆ ఏడు నారింజ రంగు వేటకోటు కొనుక్కుని, వేట రోజున తెల్లవారకముందే వేసుకుని మెట్ల మీద నిలబడ్డాడు. ట్రక్ వచ్చింది. డేల్ దిగి, మేం నింపిన తూటాల డబ్బాలన్నీ ఎక్కించుకుని, నాన్న భుజం తట్టి, "ట్రక్‌లో చోటు లేదు బడ్డీ" అన్నాడు. వెనక సీట్లో కుక్క కూర్చుని ఉంది. ట్రక్ మలుపు తిరిగేదాకా ఈ మహానుభావుడు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. "వచ్చే ఏడు" అంటూ లోపలికొచ్చి, కోటైనా విప్పకుండా గొట్టాలు నానబెట్టడానికి కూర్చున్నాడు. దెప్పడానికి అంత మంచి అవకాశం దొరికినా అమ్మ ఆయన పక్కన కాఫీ గ్లాసు పెట్టి పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ వచ్చే ఏడు ఎప్పుడూ రాలేదు. రేంజ్ ఉన్నచోట ఇళ్లు లేచాయి, ఫ్యాక్టరీ మూతపడింది, డేల్ పోయాడు, నాన్న పోయాడు, చివరికి మా ఆయనా పోయాడు. ఒంటరిగా కిటికీ దగ్గర కూర్చుంటే పొద్దున్నే జింకలొచ్చి నా తోటకూర మొదలంటా మేసి పోతాయి, సిగ్గులేని ముండలు. వాటినెవడు పిలిచాడు?