నా గుండె మీద పెరిగిన పిల్ల

ఆ ఉదయం కృత్తివెన్ను దగ్గర మా రొయ్యల చెరువుకి మేత వేసి ఇంటికొచ్చేసరికి, నా భార్య సుజాత గుమ్మంలో తల పట్టుకుని కూర్చుంది. ఏడో నెల. “బావా, కళ్ల ముందు మెరుపుల్లా వస్తున్నాయి” అంది. పాదాలు బాగా ఉబ్బాయి. కారులో మచిలీపట్నం తీసుకెళ్తుంటే దారిలోనే ఫిట్స్ వచ్చాయి.

“ఎక్లాంప్సియా అండీ, బీపీ బాగా పెరిగి వచ్చిన ఫిట్స్. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి” అన్నారు డాక్టరమ్మ.

ఆడపిల్ల పుట్టింది. నా అరచేతి కంటే కాస్త పెద్దది. పాపని పసిపిల్లల ఐసీయూ అయిన ఎన్‌ఐసీయూలో, తల్లిని ఐసీయూలో పెట్టారు. మధ్య వరండాలో నేనూ, మా అత్తగారూ.

పాప సొంతంగా ఊపిరి తీసుకోవడం మొదలయ్యాక పిల్లల డాక్టరు గారు నన్ను పిలిచారు. “తల్లి కోలుకునేదాకా కంగారూ కేర్ మీరే ఇవ్వాలి. అంటే పాపని మీ ఒంటికి ఆనించి పడుకోబెట్టుకోవాలి.”

“నేనా అండీ?”

“పాపకి కావలసింది ఒంటి వెచ్చదనం, గుండె చప్పుడు. అవి మీకూ ఉన్నాయిగా.”

చొక్కా విప్పి కూర్చున్నాను. చుట్టూ తల్లులు. సిగ్గుతో తలెత్తలేదు. సిస్టర్ పాపని నా ఛాతీ మీద పడుకోబెట్టి గుడ్డ చుట్టారు. “నా చేతులు గరుకమ్మా” అన్నాను. “నిమరకండి. కదపకుండా వీపు మీద ఉంచండి చాలు” అన్నారామె. కాసేపటికి మానిటర్‌లో పరుగెడుతున్న పాప గుండె వేగం అంకె నెమ్మదించింది. ఫిట్స్ చూసిన దగ్గర్నుంచి బిగుసుకుపోయిన నా భుజాలూ వదులయ్యాయి.

అంతలో పాపకి ఇన్‌ఫెక్షన్. మళ్లీ ఒళ్లు వెచ్చగా ఉంచే వార్మర్‌లోకి, యాంటీబయాటిక్స్. అప్పుడే సుజాత ఐసీయూ నుంచి వార్డుకి వచ్చింది. ఫోన్‌లో పాప ఫోటో చూపిస్తే మొహం తిప్పుకుంది. “ఎవరి పిల్లనో చూపిస్తున్నట్టుంది బావా.” పాలు పడలేదు.

డాక్టరమ్మకి చెప్పాను. “ఆవిడ తప్పు కాదండీ. ఇంత భయపడ్డాక స్ట్రెస్ హార్మోన్లు పెరుగుతాయి. పాలు దిగాలంటే ఆక్సిటోసిన్ అనే ఇంకో హార్మోన్ కావాలి. దానికి మనసు కుదుటపడాలి. పాప సంగతి తర్వాత, ముందు ఆవిడని మీరు దగ్గరికి తీసుకున్నారా?”

తీసుకోలేదు. వెళ్లి మంచం పక్కన కూర్చుని సుజాత చెయ్యి పట్టుకున్నాను. అత్తగారు తల దువ్వారు. “ఇన్నాళ్లూ అందరూ సూది గుచ్చడానికే నన్ను ముట్టుకున్నారు బావా” అని వెక్కి వెక్కి ఏడ్చింది. రోజూ అలాగే కూర్చున్నాం. కౌన్సెలింగ్ కూడా ఇప్పించారు. ఒక మధ్యాహ్నం తనే అడిగింది, “పాప ఎలా ఉంది?”

ఇన్‌ఫెక్షన్ తగ్గాక పాపని సుజాత గుండెల మీద పెట్టారు. పాప మూతి కదిపి వెతుక్కుంది. “బావా, జాకెట్ తడిసింది” అంది సుజాత. ఏడుస్తూనే నవ్వింది. వార్డంతా నవ్వింది.

ఇప్పుడు మా అమ్మాయి బడికి వెళ్తోంది. చెరువు గట్టు మీద నాకంటే ముందు పరుగెడుతుంది. సుజాత బీపీ అదుపులో ఉంది. మా చుట్టుపక్కల ఎవరికైనా నెలలు నిండని బిడ్డ పుడితే ఆ తండ్రి నాకు ఫోన్ చేస్తాడు.

స్పర్శ ఒక్కటే అన్నీ నయం చేసిందని నేను చెప్పను. మందులు బతికించాయి. కానీ తండ్రులకి ఒక్క మాట: కంగారూ కేర్ ఎప్పుడు మొదలుపెట్టవచ్చో డాక్టర్ని మీరే అడగండి. పాలు పడ్డాయా అని తల్లిని అడిగే ముందు, ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు ఊరికే కూర్చోండి.