ఆపని గాలి పంపు

పొద్దున్నే ఎండోస్కోపీ గదిలోకి వచ్చిందంటే టెక్నీషియను నాలుగు స్విచ్చులు నొక్కేది. తెర, దీపం, నీళ్ళు, గాలి పంపు. కళ్ళతో చూసేది కాదు. బస్సులో సీటు దొరకని సంగతి ఆయాకు చెబుతూ ఉండగానే చెయ్యి తన పని తాను చేసుకుపోయేది. ఇరవై రెండేళ్ళ అలవాటు.

లోపలికి దించే కెమెరా గొట్టం ముందుకు పోవాలంటే పేగు ఉబ్బాలి. అన్నేళ్ళూ మామూలు గాలితోనే ఉబ్బించారు. పరీక్షయ్యాక ఆ గాలి పోయేదాకా రోగులు మెలికలు తిరిగిపోయేవారు. ఆ ఏడాది పెద్ద డాక్టరు కార్బన్ డయాక్సైడ్ సిలిండరు తెప్పించాడు. దాన్నయితే పేగు తొందరగా పీల్చేసుకుంటుంది, ఉబ్బరం తగ్గిపోతుంది. నెల్లాళ్ళు వాడి చూసి, ఉంచాలో పంపెయ్యాలో తేల్చాలి. టెక్నీషియనుకు ఒకటే జాగ్రత్త చెప్పారు: సిలిండరు తెరిచినప్పుడు గాలి పంపు ఆపాలి, లేకపోతే రెండూ కలిసి లోపలికి పోతాయి. ఆమె తలూపింది.

రోగుల అవస్థ మాత్రం తగ్గలేదు. హడావిడే తప్ప ఒరిగిందేమీ లేదని డాక్టరు పెదవి విరిచాడు.

పద్దెనిమిదో రోజున ఆమె ఆడపడుచే పరీక్షకు వచ్చింది. అయ్యాక రికవరీ గదిలో కడుపు పట్టుకుని మూలుగుతోంది.

"కడుపులో ఎవరో సైకిలు ట్యూబుకి గాలి కొడుతున్నట్టుందే."

"అబ్బ, ఊరుకో వదినా! నలుగురూ చూస్తున్నారు. మరీ ఇంత సుకుమారమైతే ఎలా? లేచి నాలుగడుగులు వెయ్యి, అదే పోతుంది."

"పోతే ఆ నలుగురూ పారిపోతారు" అంటూనే ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

తిరిగొచ్చి మిషను తుడుస్తుంటే గాలి పంపు పక్కన పచ్చదీపం వెలుగుతూ కనిపించింది. గుడ్డ అక్కడే ఆగిపోయింది. ఇవాళ ఒక్కరోజేనా? కాదు. ఆ చేతికి నాలుగు స్విచ్చులు నొక్కడమే తెలుసు, మూడు నొక్కి ఆగడం తెలీదు.

ముఖం వేడెక్కింది. ఇప్పుడు ఆపేసి ఊరుకుంటే మూడో కంటికి తెలియదు. ఇంతలో డాక్టరు కాగితంతో రానే వచ్చాడు.

"సిలిండరు రేపే పంపించేద్దామమ్మా, నెల నిండేదాకా ఆగక్కర్లేదు. గాలికీ దీనికీ తేడా ఏం కనబడలేదు."

అది పోతే ఇక ముందు వచ్చేవాళ్ళందరికీ ఆ నొప్పి తప్పదు. ఆమె గుడ్డ పక్కన పెట్టింది.

"తప్పు గ్యాసుది కాదు సార్. నాది. పంపు ఆపలేదు."

"ఇవాళా?"

"ఒక్కరోజూ ఆపలేదు."

తిట్టి ఉంటే తేలికపడేది. ఆయన కళ్ళజోడు తీసి, "ఎంతమందమ్మా?" అని మాత్రం అడిగాడు. రిజిస్టరు తిప్పి చూసింది. నూట ఆరుగురు.

"రేపు మళ్ళీ ఒకటో రోజు" అని కాగితం చింపేసి వెళ్ళిపోయాడు.

ఆడపడుచు దగ్గరకు పోయి గొణిగినట్టు చెప్పింది.

"అయితే నేను సుకుమారం కాదన్నమాట. ఇందాక గట్టిగా అన్నావుగా, ఇదీ అలాగే చెప్పు. ఆ నలుగురూ వినాలి."

ఆమె గట్టిగానే చెప్పింది. మంచాల మీంచి తలలు తిరిగాయి. తల వంచుకుని నిలబడింది. వీళ్ళకు చెప్పగలిగింది. నడవండి, అదే పోతుందని తను దబాయించి ఇళ్ళకు పంపిన మిగతా వందమందికీ ఎలా చెప్పాలో తోచలేదు. ఆ సిగ్గు ఆమెను వదల్లేదు.

ఇప్పుడా గదిలో కార్బన్ డయాక్సైడే వాడుతున్నారు. ఆమె రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్ళుంది; రోజూ మూడు స్విచ్చులు నొక్కి, నాలుగోదాన్ని మాత్రం కళ్ళతో చూసి మరీ వదిలేస్తుంది.